లినక్స్ లాప్‌టాప్‌లో వైఫై రాకపోతే: ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకోవడం

మా మేనల్లుడు డిగ్రీలో చేరిన ఏడాది సెకండ్‌హ్యాండ్‌లో ఒక లాప్‌టాప్ కొనుక్కుని డెబియన్ అనే లినక్స్ వేసుకున్నాడు. హాల్లో రౌటర్ పక్కన కూర్చుంటే వైఫై వస్తుంది, తన గదిలోకి వెళ్లగానే పోతుంది. నెట్‌లో వెతికి, కనబడిన కమాండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాపీ చేసి కొట్టాడు. నా చేతికి వచ్చేసరికి ఆ లాప్‌టాప్‌లో వేరే కంపెనీ కార్డుకు చెందిన డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాము) ఎక్కి ఉంది, అసలు డ్రైవర్ బ్లాక్‌లిస్ట్‌లో, అంటే ఎక్కించకూడని వాటి జాబితాలో, పడి ఉంది, నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రాములు రెండు ఒకేసారి నడుస్తున్నాయి. ఆ చిక్కు విప్పడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. అసలు జబ్బుకు మందు మాత్రం ఒక్క లైను. ఆ లైనేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

వైఫై రావట్లేదని మనం ఒక్క మాటలో అనేస్తాం. లాప్‌టాప్ లోపల మాత్రం అది చాలా మెట్ల ప్రయాణం. కార్డు కనబడాలి, దానికి డ్రైవర్ పట్టాలి, డ్రైవర్‌కు ఫర్మ్‌వేర్ దొరకాలి, రేడియో ఆన్‌లో ఉండాలి, చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లు వినబడాలి, పాస్‌వర్డ్ కుదరాలి, రౌటర్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి, బయటికి దారి తెలియాలి, చివరికి సైటు పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ పలకాలి. కింద మెట్టు విరిగి ఉంటే పైన ఎంత మరమ్మతు చేసినా దండగే. ఎక్కడ ఆగిందో తెలిసేదాకా ఏ మార్పూ చేయకండి. ముందు చూడటానికి పనికొచ్చే కమాండ్లే కొట్టండి, మార్చేవి తర్వాత.

కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాశాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో కొట్టండి. పలకడానికి వీల్లేని వాటిని అక్షరం అక్షరంగా రాశాను.

ముందు నెట్ తెచ్చుకోండి

నెట్ లేక నెట్ బాగుచేసుకోలేకపోవడం ఇందులో మొదటి ఇబ్బంది. డ్రైవరో ఫర్మ్‌వేరో దింపుకోవాలంటే నెట్ ఉండాలి కదా. దీనికి మీ ఆండ్రాయిడ్ ఫోనూ, ఛార్జింగ్ కేబులూ చాలు. ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ దీనికి కావలసిన డ్రైవర్ ముందే ఉంటుంది, కాబట్టి కొన్ని సెకన్లలో లాప్‌టాప్ దాన్ని వైరు కనెక్షన్‌గా గుర్తిస్తుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ నెట్టే లాప్‌టాప్‌కు అందుతుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం అయితే టెథరింగ్ బటనే నొక్కనివ్వదు, అప్పుడు వేరే కేబుల్ పెట్టి చూడండి.

కార్డు ఎవరిది?

ఎల్, ఎస్, పీ, సీ, ఐ అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎన్, ఎన్, కే అని కొట్టండి. వచ్చే జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న లైను మనది. దాని చివర చదరపు బ్రాకెట్లలో రెండు సంఖ్యలు, మధ్యలో కోలన్ కనబడతాయి. మొదటిది తయారీదారు గుర్తు: 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 168సీ అయితే ఆథెరోస్, 14సీ3 అయితే మీడియాటెక్. రెండోది ఫలానా మోడల్. ఈ రెండు సంఖ్యలనూ కాగితం మీద రాసుకోండి. లాప్‌టాప్ మోడల్ పేరుతో నెట్‌లో వెతికితే తప్పుదారి పడతారు. ఒకే మోడల్ పేరుతో అమ్మిన లాప్‌టాప్‌లలో కూడా వేర్వేరు కంపెనీల కార్డులు ఉంటాయి. మా మేనల్లుడు పొరబడింది ఇక్కడే: మోడల్ పేరుతో వెతికాడు, అతనికి బ్రాడ్‌కామ్ సలహా దొరికింది, లోపల ఉన్నది రియల్‌టెక్.

యూఎస్‌బీ డాంగిల్ అయితే పీసీఐ బదులు యూఎస్‌బీ అని చేర్చి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. కొన్ని రియల్‌టెక్ డాంగిల్స్ పెట్టగానే 0బీడీఏ:1ఏ2బీ అనే గుర్తుతో సీడీ డ్రైవ్‌లా కనబడతాయి. విండోస్ డ్రైవర్‌ను తమలోనే దాచుకుని రావడం వల్ల అలా జరుగుతుంది. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే, లేదా యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేస్తే, అసలు వైఫై రూపం బయటపడుతుంది.

జాబితాలో కార్డే లేదంటే డ్రైవర్ల జోలికి వెళ్లకండి. బయాస్‌లోకి (లాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి వైర్‌లెస్ ఆపేసి ఉందేమో చూడండి. విండోస్‌తో కలిపి వాడుతుంటే అక్కడ ఫాస్ట్ స్టార్టప్ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ సగం నిద్రలోనే ఉండి కార్డును వదలకపోవచ్చు. అప్పటికీ రాకపోతే ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ ఆన్ చేయండి. వినడానికి పల్లెటూరి వైద్యంలా ఉన్నా, మొండికేసిన కార్డులు దీనికి తిరిగి లేవడం నేను చూశాను.

డ్రైవర్, ఫర్మ్‌వేర్

అదే జాబితాలో కార్డు కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే లైను ఉందా? ఉంటే డ్రైవర్ పట్టినట్టే. ఇంటెల్‌కు ఐడబ్ల్యూఎల్‌వైఫై అని, మీడియాటెక్‌కు ఎంటీ7921ఈ లాంటి పేరు, రియల్‌టెక్‌కు ఆర్‌టీడబ్ల్యూ88, 89 లాంటి పేర్లతో మొదలయ్యేవి కనబడతాయి.

ఆ లైను లేకపోతే, ముందు కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి మూల ప్రోగ్రాము) వయసు చూడండి. యూనేమ్ హైఫన్ ఆర్ కొడితే వెర్షన్ వస్తుంది. కొత్త లాప్‌టాప్, పాత కెర్నెల్ అన్నది చాలా తరచుగా వచ్చే తగువు. రియల్‌టెక్ 8821సీఈ కార్డుకు కెర్నెల్ 5.9 నుంచి, 8852బీఈకి 6.2 నుంచి సొంత డ్రైవర్ ఉంది. ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నెల్‌తో వచ్చింది కాబట్టి, 8852బీఈ ఉన్న లాప్‌టాప్‌లో అది వేసిన వాళ్లకు వైఫై గుర్తే కనబడలేదు. అలాంటప్పుడు ఎవరో రాసిన డ్రైవర్‌ను తెచ్చి కంపైల్ చేయడం కన్నా, టెథరింగ్ మీద కెర్నెల్‌ను అప్‌డేట్ చేసుకోవడమే నా సలహా. బయటి డ్రైవర్ ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కూ మళ్లీ తలనొప్పి తెస్తుంది.

బ్రాడ్‌కామ్ ఒక్కటీ ఇందులో వేరు. బీసీఎం43142 లాంటి కొన్ని కార్డులకు ఆ కంపెనీ ఇచ్చిన డబ్ల్యూఎల్ డ్రైవర్ తప్ప దారి లేదు. డెబియన్‌లో దాని ప్యాకేజీ పేరు బ్రాడ్‌కామ్ హైఫన్ ఎస్‌టీఏ హైఫన్ డీకేఎంఎస్. వేశాక కూడా డ్రైవర్ ఎక్కకుండా, కీ తిరస్కరించబడిందన్న అర్థం వచ్చే సందేశం వస్తే అది సెక్యూర్ బూట్ పని. సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. ఎంఓకే యుటిల్ అనే కమాండ్‌కు డబుల్ హైఫన్ ఎస్‌బీ హైఫన్ స్టేట్ కలిపి కొడితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఉబుంటులో అయితే ప్యాకేజీ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి కీని నమోదు చేయమంటావా అని అడుగుతుంది. ఏదో తెలియని తెర వచ్చిందని కంగారుపడి దాటేస్తారు చాలామంది. దాటేయకండి, ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి.

డ్రైవర్ పట్టింది, అయినా పని లేదంటే ఫర్మ్‌వేర్ వైపు చూడాలి. ఫర్మ్‌వేర్ అంటే కార్డు లోపలి చిన్న ప్రాసెసర్ నడవడానికి కావలసిన ప్రోగ్రాము. బూట్ అయినప్పుడల్లా డ్రైవర్ దాన్ని డిస్క్ నుంచి తీసి కార్డులోకి ఎక్కిస్తుంది. దాని జాడ కెర్నెల్ చిట్టాలో ఉంటుంది: సుడో, ఖాళీ, డీ, ఎం, ఈ, ఎస్, జీ అని కొట్టి, నిలువు గీత పెట్టి, గ్రెప్ హైఫన్ ఐ ఫర్మ్‌వేర్ అని చేర్చండి.

ఇక్కడ చాలామంది మోసపోయే ఒక సంగతి ఉంది. ఇంటెల్ కార్డులకు ఫర్మ్‌వేర్ లోడ్ విఫలం, ఎర్రర్ మైనస్ 2 అని వరసగా కొన్ని లైన్లు కనబడతాయి. మైనస్ 2 అంటే ఫైలు లేదని అర్థం. ఈ డ్రైవర్ తనకు తెలిసిన అన్నిటికన్నా కొత్త వెర్షన్ ఫైలు కోసం మొదట చూస్తుంది, లేకపోతే ఒక మెట్టు దిగి పాతది వెతుకుతుంది, అది దొరికేదాకా ఇలా ఒక్కో లైను రాసుకుంటూ పోతుంది. ఆ లైన్ల కింద లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్ అని ఒక్క లైను ఉంటే అంతా బాగున్నట్టే, పైన ఉన్న ఎర్రర్లను వదిలేయండి. ఆ లైను లేకపోతేనే ఫర్మ్‌వేర్ లోపించినట్టు.

డెబియన్ చాలా ఏళ్లు ఈ ఫర్మ్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని మామూలు ఇన్‌స్టాలర్ నుంచి దూరంగా ఉంచింది. 2022లో వాళ్ల సభ్యులు ఓటింగ్ పెట్టుకుని విధానం మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలరే తెచ్చి వేస్తుంది. మీది అంతకన్నా పాతదైతే సోర్సెస్ జాబితాలో నాన్‌ఫ్రీ విభాగాన్ని చేర్చి, మీ కార్డును బట్టి ఫర్మ్‌వేర్ హైఫన్ ఐడబ్ల్యూఎల్‌వైఫై గానీ, ఫర్మ్‌వేర్ హైఫన్ రియల్‌టెక్ గానీ వేసుకోండి. ఉబుంటు, ఫెడోరాలలో లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు ముందే ఉంటాయి.

రేడియో ఆపేసి ఉందా

ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ ఎస్ అని ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై కొడితే పోతుంది. హార్డ్ బ్లాక్డ్ ఎస్ అని ఉంటే ఏ కమాండూ దాన్ని తీయలేదు, చేత్తోనే తీయాలి. థింక్‌ప్యాడ్ ఎక్స్220, టీ420 లాంటి పాతవాటికి అంచున జరిపే స్విచ్ ఉంటుంది. సంచిలో పెట్టి తీసినప్పుడు అది జరిగిపోతుంది. మిగతావాటిలో ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే విమానం బొమ్మ మీట. స్విచ్చే లేని లాప్‌టాప్ హార్డ్ బ్లాక్ చూపిస్తే, లాప్‌టాప్ కంపెనీ మీటల కోసం కెర్నెల్‌లో ఉండే మాడ్యూల్ తప్పు చెబుతుండవచ్చు. లెనోవో ఐడియాప్యాడ్‌లలో ఐడియాప్యాడ్ అండర్‌స్కోర్ లాప్‌టాప్ అనే మాడ్యూల్‌ను మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్‌తో తాత్కాలికంగా దించి చూడండి. వైఫై లేస్తే దొంగ దొరికినట్టే.

ఒక ఇంటికి ఇద్దరు పెత్తందార్లు

ఎన్, ఎం, సీ, ఎల్, ఐ అని కలిపి కొట్టి, తర్వాత డివైస్ స్టేటస్ అని చేర్చండి. వైఫై పరికరం పేరు కనబడుతుంది: డబ్ల్యూఎల్ఏఎన్0 కావచ్చు, డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 కావచ్చు. రెండోదాంట్లో పీ3 అంటే మూడో పీసీఐ బస్సు, ఎస్0 అంటే సున్నా స్లాటు, అంతే. దాని ఎదురుగా అన్‌మేనేజ్డ్ అని ఉంటే, కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాము దాన్ని ముట్టుకోవట్లేదన్నమాట. డెబియన్‌లో ఈటీసీ, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలుంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైఫై వాడితే ఆ పేరు అందులో పడి ఉండవచ్చు, పడితే నెట్‌వర్క్ మేనేజర్ మర్యాదగా తప్పుకుంటుంది. ఆ లైన్ల ముందు హాష్ గుర్తు పెట్టి, నెట్‌వర్క్ మేనేజర్‌ను రీస్టార్ట్ చేయండి. సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ గానీ, ఐడబ్ల్యూడీ గానీ, చేత్తో మొదలుపెట్టిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ గానీ నెట్‌వర్క్ మేనేజర్‌తో పాటు విడిగా నడుస్తుంటే, కనెక్ట్ అవడం, తెగిపోవడం అదే పనిగా జరుగుతుంది. ఒక్కరినే ఉంచండి.

నెట్‌వర్క్‌లు వినబడుతున్నాయా

ఎన్ఎంసీఎల్ఐ డివైస్ వైఫై లిస్ట్ అని కొట్టండి. పొరుగింటి వైఫై కనబడి మీది కనబడకపోతే తప్పు చాలావరకు బ్యాండ్‌ది. చాలా చౌక కార్డులు, పాత కార్డులు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వింటాయి. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే వాటికి అది లేనట్టే. ఫోన్‌లో హాట్‌స్పాట్ బ్యాండ్‌ను 2.4కు మార్చండి.

తర్వాతది దేశం గుర్తు. ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొడితే 00 అని వస్తే, తాను ఏ దేశంలో ఉందో లాప్‌టాప్‌కు తెలియదు. అప్పుడు అన్ని దేశాలకూ చెల్లే అతి జాగ్రత్త నియమాలు పాటిస్తుంది: 12, 13 ఛానళ్లలో తానుగా పలకదు, 5 గిగాహెర్ట్జ్‌లోనూ చాలాచోట్ల విని ఊరుకుంటుంది. మన దేశంలో 2.4లో 13 ఛానళ్లూ వాడుకోవచ్చు. 2018 అక్టోబర్‌లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కర్లేకుండా తెరిచింది. సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్ అని కొట్టండి, ఐఎన్ ఒక్కటీ పెద్దబడి అక్షరాల్లో. ఇంటెల్ కార్డులు మాత్రం ఇది పట్టించుకోవు, తమ దేశాన్ని తామే తేల్చుకుంటాయి. వాటికి రౌటర్ ఛానల్‌ను 1, 6, 11లో ఒకదానికి మార్చడమే తేలిక.

ఇప్పుడు మేనల్లుడి లాప్‌టాప్. ఐడబ్ల్యూ డెవ్, పరికరం పేరు, లింక్ అని కొడితే సిగ్నల్ మైనస్ సంఖ్యలో వస్తుంది. మైనస్ 50 అంటే బాగుంది, మైనస్ 67 దాకా పనికొస్తుంది, మైనస్ 80 దాటితే నిలబడదు. రౌటర్‌కు రెండడుగుల దూరంలో కూర్చున్నా అతనికి మైనస్ 70 చూపించింది. పక్కనున్న ఫోన్‌కు నిండా గీతలు. డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ ఉంది, చెవి మాత్రం సరిగ్గా వినట్లేదు. కార్డు రియల్‌టెక్ 8723బీఈ. దానికి యాంటెన్నా తీగ తగిలించుకునే చోట్లు రెండుంటాయి, ఖర్చు తగ్గించడానికి కొన్ని లాప్‌టాప్‌లలో ఒక్క తీగే వేస్తారు. డ్రైవర్ తీగ లేని చోట చెవి పెట్టి వింటోంది. సరిచేసే పద్ధతి ఇది: ముందు సుడో మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్ ఆర్‌టీఎల్8723బీఈ. తర్వాత సుడో మోడ్‌ప్రోబ్ ఆర్‌టీఎల్8723బీఈ, ఖాళీ వదిలి ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్‌ఈఎల్ ఈక్వల్స్ 2. సిగ్నల్ మళ్లీ చూడండి. మారకపోతే 2 బదులు 1 పెట్టండి. అతనికి 2తోనే మైనస్ 70 కాస్తా మైనస్ 42 అయింది. రీస్టార్ట్ తర్వాతా నిలవాలంటే ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్ అని ముగిసే ఒక ఫైలు పెట్టి, అందులో ఆప్షన్స్ అనే మాట తర్వాత అదే లైను, డ్రైవర్ పేరు నుంచి చివరిదాకా, రాయండి. వాడు మళ్లీ తన గదికి వెళ్లి అక్కడి నుంచే నాకు మెసేజ్ పెట్టాడు.

పాస్‌వర్డ్ దగ్గర

పాస్‌వర్డ్ కొడితే మళ్లీ మళ్లీ అడుగుతోందా? మొదట కంటి గుర్తు నొక్కి మీరు కొట్టిందేమిటో కళ్లతో చూడండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో మరిచిపోయి చుక్కల వెనక తెలుగు అక్షరాలు కొడుతుండటం మన దగ్గర తరచు జరిగేదే. రౌటర్ పాస్‌వర్డ్ ఈమధ్య మార్చి ఉంటే పాత కనెక్షన్‌ను తొలగించి కొత్తగా కలవండి, దాంట్లో పాత పాస్‌వర్డ్ దాగి ఉంటుంది. ఇవేవీ కాకపోతే రౌటర్‌లో సెక్యూరిటీ ఏదో చూడండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత కార్డులు కలవలేవు. డబ్ల్యూపీఏ2కు మార్చితే కలుస్తాయి.

జర్నల్‌సీటీఎల్ హైఫన్ యూ డబ్ల్యూపీఏ అండర్‌స్కోర్ సప్లికెంట్ అని కొట్టి చూస్తే ఫోర్‌వే హ్యాండ్‌షేక్ విఫలమైందని ఉంటే, అది దాదాపుగా తప్పు పాస్‌వర్డే. అక్కడిదాకా వచ్చిందంటే డ్రైవర్ వరకూ అన్నీ బాగున్నట్టు, వాటిని కదపకండి.

కనెక్ట్ అయింది, నెట్ లేదు

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వరసగా అడగండి. ఐపీ అడ్రస్ ఉందా? ఐపీ, ఖాళీ, ఏ అని కొడితే 192.168 లాంటిది రావాలి. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, లాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. హాస్టళ్లలో రౌటర్ ఇచ్చే అడ్రసులు అయిపోయినా ఇలాగే అవుతుంది.

దారి ఉందా? ఐపీ రూట్ కొడితే డిఫాల్ట్ అనే లైను ఉండాలి. రెండు డిఫాల్టులు ఉంటే మెట్రిక్ తక్కువున్నదే గెలుస్తుంది. నెట్‌వర్క్ మేనేజర్ వైరుకు 100, వైఫైకి 600 ఇస్తుంది కాబట్టి, నెట్ లేని వైరు తగిలించి మరిచిపోతే అంతా దాంట్లోకే పోతుంది. ఇంజినీరింగ్ విద్యార్థులకు మరో మాట: డాకర్ వేసుకుంటే అది 172.17 వరసను తనకు తీసుకుంటుంది. కాలేజీ వైఫై కూడా అదే వరస వాడుతుంటే లాగిన్ పేజీ తెరుచుకోదు. డాకర్‌ను ఆపి చూడండి.

బయటికి చేరుతోందా? పింగ్ 1.1.1.1. పేర్లు తెలుస్తున్నాయా? పింగ్ తర్వాత ఏదైనా సైటు పేరు. మొదటిది పలికి రెండోది పలకకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్‌లో ఏ సర్వర్ ఉందో చూడండి, తీసేసిన వీపీఎన్ వదిలిపెట్టిన పాత అడ్రస్ అక్కడ మిగిలి ఉంటుంది కొన్నిసార్లు.

నాలుగూ బాగుండి, బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ తప్పు అంటే గడియారం చూడండి. పాత లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది చిన్న గుండ్రటి బ్యాటరీ చచ్చిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి ఇంకా పుట్టని సర్టిఫికెట్లను బ్రౌజర్ నమ్మదు. తేదీ సరిచేయండి, వీలైతే బ్యాటరీ మార్పించండి.

వచ్చిపోతూ ఉంటే

కాసేపు బాగా వచ్చి, తర్వాత నెమ్మదించి, తెగిపోతుంటే పవర్ సేవింగ్‌ను అనుమానించండి. సుడో ఐడబ్ల్యూ డెవ్, పరికరం పేరు, సెట్ పవర్ అండర్‌స్కోర్ సేవ్ ఆఫ్ అని కొట్టి ఒక గంట వాడి చూడండి. తేడా కనబడితే, నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లోని ఫైలులో వైఫై డాట్ పవర్‌సేవ్ విలువను 3 నుంచి 2కు మార్చండి. 2 అంటే ఆపేయమని. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడే తెగుతుంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. బ్లూటూత్, 2.4 వైఫై ఒకే గాలిని పంచుకుంటాయి, చాలా కార్డుల్లో యాంటెన్నా కూడా ఒకటే.

బీఎస్‌డీ వాళ్లకు

బీఎస్‌డీలు లినక్స్‌కు దగ్గరి పోలికలున్న వేరే సిస్టమ్‌లు. మెట్లు ఇవే, పేర్లు వేరు. ఓపెన్‌బీఎస్‌డీలో ఫర్మ్‌వేర్‌కు ఎఫ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ అప్‌డేట్ కొడితే చాలు, మిగతాదంతా ఐఎఫ్‌కాన్ఫిగ్‌తోనే అయిపోతుంది. ఫ్రీబీఎస్‌డీలో కార్డు మీద డబ్ల్యూఎల్ఏఎన్0 అనే పరికరాన్ని ముందు సృష్టించుకోవాలి. అది చేయకుండా కార్డు పేరుతోనే కుస్తీ పడితే ఏమీ కదలదు.

కార్డే మార్చాలనుకుంటే

కొన్ని కార్డులతో పోరాడటం కన్నా మార్చేయడం మేలు. కొనేముందు రెండు జాగ్రత్తలు. పాత థింక్‌ప్యాడ్‌ల బయాస్ తన జాబితాలో లేని కార్డును పెడితే 1802 ఎర్రర్ చూపి బూట్ కాకుండా ఆగిపోతుంది. ఇంటెల్‌లో ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు వాటికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లోనే పనిచేస్తాయి, ఏఎక్స్210 మాత్రం మామూలు ఎం.2 కార్డు. లాప్‌టాప్ విప్పడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీ డాంగిల్ తీసుకోండి. డబ్బా మీద లినక్స్ అని రాసి ఉందా అన్నది కాదు, లోపల ఏ చిప్ ఉందో అడగండి. ఆథెరోస్ ఏఆర్9271, మీడియాటెక్ ఎంటీ7612యూ అయితే కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది, పెట్టగానే పనిచేస్తాయి. మొదటిది 2.4 మాత్రమే, రెండోది 5 గిగాహెర్ట్జ్ కూడా వింటుంది.